వస్తాదు కొలువు, డ్రిల్లు మాస్టారు జీతం: నూజివీడు సీమ నుంచి చూసిన కుస్తీ శిక్షణ చరిత్ర

తెలుగునాట కుస్తీ చరిత్ర చాలావరకు బలవంతుల చరిత్రగానే నిలిచిపోయింది. ఇనుప గొలుసులు తెంపినవారు, గుండెలపై ఏనుగును నడిపించుకొన్నవారు, ప్రభువుల చేత కంకణాలు తొడిగించుకొన్నవారు అందులో కథానాయకులు. ఆ కథానాయకులకు పట్లు నేర్పిన వస్తాదు, అంటే గోదాలో శిష్యులను దగ్గరుండి తీర్చిదిద్దే గురువు, ఎవరి కూడు తిని ఆ విద్యను నిలబెట్టాడన్న ప్రశ్న ఆ కథల్లో అరుదుగా వినిపిస్తుంది. నూజివీడు వంటి జమీందారీ పట్టణంలో నిలబడి చూస్తే ఆ ప్రశ్నను దాటవేయడం కష్టం; ఎందుకంటే అక్కడ ఒక పెద్ద జమీ ముక్కలై, చివరకు చట్టంతో రద్దై, దాని స్థానంలో బడి, కళాశాల, ప్రభుత్వోద్యోగం వచ్చిన క్రమం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది, ఆ క్రమంలో వస్తాదు పోషణ చేతులు మారిన ప్రతిసారీ కుస్తీ గతి కూడా మారింది. బలానికి కరువు లేని సీమలో పోటీకి నిలిచే ఉన్నత పాఠశాల జట్లు ఎందుకు పెరగలేదన్న నేటి చిక్కుకు మూలం కూడా ఆ చేతుల మార్పులోనే వెతకాలి.

మల్లవిద్యకు దక్కనులో శాస్త్రగ్రంథ గౌరవం దక్కి తొమ్మిది వందల ఏళ్లకు దగ్గరవుతోంది. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడి పేరిట 12వ శతాబ్ది తొలి భాగంలో వెలువడిన మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథంలో, రాజు వినోదాల మధ్య మల్లవినోదం అనే అధ్యాయం ఉంది. అందులో మల్లులను వయసు, దేహప్రమాణం, బలం అనే కొలతలతో జ్యేష్ఠికుడు, అంతర్జ్యేష్ఠికుడు, గోవలుడు అనే తరగతులుగా విడదీయడం, వారికి పెట్టవలసిన తిండిని, చేయించవలసిన సాధనను వేరువేరుగా చెప్పడం గమనించదగినవి. బరువులెత్తే సాధనను భారశ్రమ అనీ, నడక సాధనను భ్రమణశ్రమ అనీ, ఈతను సలిలశ్రమ అనీ, నిలువు కంబం మీద చేసే సాధనను స్తంభశ్రమ అనీ ఆ గ్రంథం పిలుస్తుంది. ఇది వినోదాల గ్రంథంలో భాగమే అయినా, శిక్షణ అనేది ఒక పట్టును చూపి వదిలేయడం కాదనీ, శరీరాన్ని తరగతిని బట్టి నెలల తరబడి సిద్ధం చేసే పని అనీ నాటికే స్థిరపడిందని దీనివల్ల తెలుస్తుంది. బరువు తరగతులు పాశ్చాత్యుల నుంచి వచ్చిన కొత్త అనుకొనేవారు ఈ అధ్యాయాన్ని చూడలేదనే అనుకోవాలి.

విజయనగర కాలానికి వచ్చేసరికి ఈ సాధన రాజశరీరంలోనే కనిపిస్తుంది. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒళ్లంతా అదే నూనె పట్టించి, గోచీ బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులు చేతులతో ఎత్తి, తాగిన నూనె చెమటగా వెళ్లేదాకా కత్తిసాము చేసి, ఆ తరువాత తన మల్లులలో ఒకడితో కుస్తీ పట్టి, తెల్లవారేదాకా గుర్రపుస్వారీ చేసేవాడని రాశాడు. ఈ వరుసను వ్యాయామ నిపుణుడి కంటితో చదివితే, ఒళ్లు వేడెక్కించడం, బలసాధన, నైపుణ్యసాధన, ఎదిరితో పెనుగులాట, చివర దమ్ము పెంచే సాధన అనే క్రమం స్పష్టంగా తెలుస్తుంది. ఆ తరువాత కొద్దికాలానికి వచ్చిన మరో పోర్చుగీసు రచయిత నూనిజ్, రాజనగరులో కుస్తీ పట్టే స్త్రీలు కూడా ఉండేవారని పేర్కొన్నాడు. ఆడపిల్లల కుస్తీని మొన్నటి వింతగా చూసేవారికి ఈ మాట ఉపయోగపడుతుంది. రాయల కథలో మల్లులు కొలువు మనుషులు. రాజ్యం ఉన్నంతకాలం వారికి తిండికి లోటు లేదు, రాజ్యం పోయాక వారి విద్య ఏ నీడకు చేరిందన్నదే తరువాతి కథ.

ఆ నీడలలో ఒకటి కులవృత్తి. ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి సహాయంతో 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాల సంపుటాలలో, జెట్టీలను వృత్తిగా కుస్తీ, సాము చేసే తెలుగు కులంగా పేర్కొంటూ, తెలుగు జిల్లాల్లో వారు నొప్పులకు లేపనాలు రాసి ఒళ్లు మర్దించి నయం చేసేవారని రాశాడు. మైసూరు సంస్థానంలో వారి బంధువర్గం దసరా వేడుకల్లో వజ్రముష్టి, అంటే పిడికిలికి కొమ్ముతో చేసిన ముళ్ల ఆయుధం తొడిగి చేసే ద్వంద్వయుద్ధం, ప్రదర్శించే అలవాటు ఉండేది. తెలుగు జిల్లాల్లో కొలువు సన్నగిల్లిన మల్లుడు తన దేహజ్ఞానాన్ని మర్దనకూ, బెణుకు సవరించడానికీ మళ్లించుకొని బతికాడన్నది ఇక్కడ ముఖ్యమైన సంగతి. నేటి క్రీడాశిక్షణలో ఫిజియోథెరపీ అనే పేరుతో వేరుగా నిలిచిన పని, ఒకప్పుడు వస్తాదు చేతిలోనే ఉండేది. భుజం జారిన కుర్రవాణ్ని గోదా గట్టున కూర్చోబెట్టి సరిచేసిన చేయే మరునాడు వాడికి కొత్త పట్టు నేర్పేది.

నూజివీడు జమీ చరిత్ర ఈ నేపథ్యంలో అర్థమవుతుంది. మేకా వంశీయులైన అప్పారావులు కోట కట్టుకొని, పరగణాల మీద పన్ను వసూలు చేసి, ఆయుధధారులైన బంట్లను పోషించిన 18వ శతాబ్దిలో, సాముగరిడీ, అంటే కర్ర, కత్తి, డాలు పట్టి చేసే యుద్ధవ్యాయామం, కుస్తీతో కలిసి ఆచరణకు పనికివచ్చే విద్య. తూర్పు ఇండియా కంపెనీతో జరిగిన ఘర్షణల అనంతరం, మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 నాటి శాశ్వత పరిష్కారం జమీందారుకు భూమి పన్ను వసూలు హక్కును ఖాయం చేస్తూనే సైన్యం, పోలీసు అధికారాలను క్రమంగా లాగివేసింది. దాంతో బంటుకు యుద్ధం లేకుండా పోయింది, అతడి సాము దసరాకూ, పీర్ల పండుగకూ, పెళ్లి ఊరేగింపుకూ పరిమితమైన ప్రదర్శన అయింది. శత్రువు లేనిచోట గురువు అవసరం తగ్గుతుంది, ప్రేక్షకుడు ఉన్నచోట ఆటగాడి ఆర్భాటం పెరుగుతుంది. 19వ శతాబ్ది తెలుగు బలప్రదర్శనలలో పోటీ కంటే విన్యాసానికి పెద్దపీట వేయడానికి ఈ మార్పే ముఖ్య కారణమని చెప్పవచ్చు.

ఆ పోషణ కూడా ఒకచోట నిలవలేదు. నూజివీడు జమీ అవిభాజ్యమా, దాయాదుల మధ్య పంచదగినదా అన్న వ్యాజ్యం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి, 19వ శతాబ్ది చివరి పాదంలో పంపకానికి దారితీసింది. ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు వంటి జమీలు ఆ పంపకపు వంశవృక్షంలోని కొమ్మలే. ఒక పెద్ద సంస్థానం పదిమంది వస్తాదులను భరించగలదు, ఆరు చిన్న జమీలలో ఒక్కొక్కటి ఒకరిని భరించడం కూడా కష్టమే. కొల్హాపూరు, పటియాలా, బరోడా వంటి పెద్ద దేశీయ సంస్థానాల్లో కుస్తీకి దొరికిన ఆశ్రయం కృష్ణా మండలంలో దొరకకపోవడానికి జమీందారుల అభిరుచిలో లోపం వెతకనక్కరలేదు, వారి ఆస్తి లెక్కే చాలు. అభిరుచి ఎటు మళ్లిందన్నది మరో ముచ్చట: మీర్జాపురం రాజాగా పేరొందిన మేకా వంశీయుడు మద్రాసులో శోభనాచల స్టూడియో నడిపాడు, 1949లో మనదేశం చిత్రంతో నందమూరి తారక రామారావు వెండితెరకు పరిచయమైంది ఆ సంస్థ నీడలోనే. మల్లులకు పెట్టే డబ్బు కెమెరాకు పెట్టిన తరం అది.

జమీల కాలంలో వస్తాదు శిక్షణ సాగిన చోటును తాలింఖానా అనేవారు. గోదా అంటే అందులో కుస్తీ పట్టే మెత్తటి మట్టి బరి. నూజివీడు మెట్టప్రాంతపు ఎర్ర నేల మామిడికి ఎంత అనుకూలమో గోదాకూ అంతే అనుకూలం, డెల్టాలోని నల్లరేగడిలా అది తడిస్తే బంకగా పట్టదు, ఎండితే నెర్రెలు విడవదు. ఆ మట్టిని జల్లెడపట్టి, నూనె, పసుపు కలిపి, రోజూ తవ్వి గుల్ల చేయడం శిష్యుడి మొదటి పని. ఈ తవ్వకమే నడుముకూ భుజాలకూ మొదటి వ్యాయామం. తరువాత దండీలు, బస్కీలు, లోడీలు తిప్పడం, సంగడం ఎత్తడం నడిచేవి. దండీ అంటే రెండు చేతుల మీద ఒరిగి లేచే సాధన, బస్కీ అంటే కూర్చొని లేచే సాధన, లోడీ అంటే భుజాల చుట్టూ తిప్పే కొయ్య గద, సంగడం అంటే పిడి ఉన్న రాతి లేదా కొయ్య బరువు. ఆ పైన పట్లు. కాలికి మెలిక వేయడం, నడుం పట్టి ఎత్తి పడేయడం, మెడ పట్టి వంచడం, ఎదిరిని వెల్లకిలా చిత్తు చేయడం అనే క్రమంలో ఒక్కొక్కటి రోజుల తరబడి సాగేది. చిత్తు అంటే ఎదిరి వీపు నేలకు తాకడం, అదొక్కటే గెలుపు. గడియారం లేదు, పాయింట్లు లేవు, ఒకే ఈడు, ఒకే బరువు అన్న నిబంధన ఊరి పెద్దల ఔచిత్యానికి వదిలిన విషయం. ఈ పద్ధతిలో గొప్ప గుణం గురుశిష్యుల సన్నిహితత్వం, గొప్ప లోపం వస్తాదు చనిపోతే అతడి విద్య కాగితం మీద లేకపోవడం.

పాత తాలింఖానాను కొత్త బడితో కలిపిన మొదటి పెద్ద ప్రయత్నం ఒక్క మనిషి జీవితంలోనే జరిగింది, అది కృష్ణా మండలంలో కాక ఉత్తరాంధ్రలో జరిగింది. 1880ల తొలినాళ్లలో నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు, చిన్ననాటనే విజయనగరంలోని పినతండ్రి ఇంటికి చేరి, అక్కడి తాలింఖానాల్లో సాము, కుస్తీ నేర్చుకొన్నాడు. ఆ తరువాత మద్రాసు సైదాపేటలో ప్రభుత్వం నడిపే వ్యాయామ శిక్షణలో చేరి, అర్హత సంపాదించి, విజయనగరం ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాడు. సైదాపేటలో నేర్పింది సైనిక డ్రిల్లు, జిమ్నాస్టిక్స్ వంటి యూరోపియన్ పద్ధతులు. విజయనగరంలో నేర్చింది దండీ, బస్కీ, పట్టు. ఈ రెంటినీ ఒకే ఉపాధ్యాయుడు ఎరిగి ఉండడం, వాటిని ఉన్నత పాఠశాల పిల్లల ఎదుట పెట్టడం ఆనాటికి అపూర్వం. అతడు ఆ ఉద్యోగంలోనే నిలిచి ఉంటే తెలుగునాట పాఠశాల కుస్తీకి ఒక సంప్రదాయమే పుట్టేదని ఊహించవచ్చు. కానీ ఆ కాలపు డ్రిల్లు మాస్టారు జీతం అలాంటి మనిషిని పట్టి ఉంచలేదు.

రామ్మూర్తి సర్కస్ కంపెనీ పెట్టాడు. ఊపిరి బిగించి ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసులు తెంపడం, రెండు కార్లను కదలనివ్వకుండా పట్టి ఉంచడం, ఛాతీపై పరచిన చెక్కల మీద ఏనుగును నడిపించుకోవడం వంటి ప్రదర్శనలతో దేశమంతటా, ఆపై లండన్‌లోనూ పేరు తెచ్చుకొని, ఐదవ జార్జి చక్రవర్తి మెప్పుతో ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకొన్నాడు, తెలుగువారు కలియుగ భీముడన్నారు. వందేమాతరం ఉద్యమం తరువాతి సంవత్సరాల్లో, భారతీయులు దుర్బలులన్న తెల్లవారి మాటకు ఒక జవాబుగా జనం అతణ్ని చూశారు. ఈ కీర్తి నిస్సందేహమైనదే. అయితే శిక్షణ చరిత్ర దృష్టితో ఇందులో ఒక నష్టం ఉంది: సర్కస్ డేరాలో వేలమంది చప్పట్లు కొడతారు, ఒక్కరికీ పట్టు రాదు. కాలికి తగిలిన గాయంతో ప్రదర్శనలు ఆగిపోయిన తరువాత రామ్మూర్తి చివరి రోజులు ఒరిస్సాలోని ఒక సంస్థానాధీశుడి ఆదరణలో గడిచి 1942లో ముగిశాయి. దేశమంతా ఎరిగిన మనిషికి కూడా కడకు పాత పద్ధతి కొలువే దిక్కయింది; ఆ కాలపు వస్తాదుల ఆర్థిక స్థితికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

రామ్మూర్తి వదిలిన పాఠశాల ఉద్యోగాన్ని తరువాతి తరంలో నింపినవారు వేరే బాటలో వచ్చారు. హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ 1920లో మద్రాసులో ప్రారంభించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల, దక్షిణ భారతమంతటికీ శిక్షణ పొందిన వ్యాయామోపాధ్యాయులను అందించింది. బక్ స్వయంగా 1924 పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టు వెంట వెళ్లినవాడు, ఆటల నియమాలను పుస్తకంగా కూర్చినవాడు. ఆ కళాశాల నుంచి వచ్చిన మాస్టర్ల చేతిలో వాలీబాల్, బాస్కెట్‌బాల్, పరుగుపందేలు జిల్లాల్లోకి వచ్చాయి, చెడుగుడు వంటి దేశీయ ఆటలకు గీతలూ నియమాలూ ఏర్పడ్డాయి. ఈ పని చిన్నది కాదు. కృష్ణా, గోదావరి జిల్లాల పల్లెల్లో వాలీబాల్ ఇంతగా పాతుకుపోవడం ఆ మాస్టర్ల చలవే. కుస్తీ మాత్రం ఆ సంచిలో అడుగున ఉండిపోయింది. ఒక డ్రిల్లు మాస్టారు వందలాది పిల్లలను ఒకే గంటలో ఆడించాలి; వాలీబాల్‌కు ఒక బంతి, ఒక వల, పన్నెండుమంది పిల్లలు చాలు, కుస్తీకి ఇద్దరు పిల్లలు, ఒక గోదా, ఆ ఇద్దరి మీదే చూపు నిలిపే ఒక గురువు కావాలి. బడి లెక్కకు కుస్తీ సరిపడలేదు, వస్తాదుకు డిగ్రీ లేదు కనుక బడిలో చోటు దొరకలేదు. మాస్టారుకు జీతం ఉండి గోదా లేకుండా, వస్తాదుకు గోదా ఉండి జీతం లేకుండా అర్ధ శతాబ్దం గడిచింది.

మద్రాసు ప్రభుత్వం 1948లో చేసిన ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీల పోషణకు చట్టపరంగా ముగింపు పలికినట్లయింది. నూజివీడు కోట ఇక ఎవరికీ కొలువు ఇచ్చే స్థితిలో లేదు. ఆ కుటుంబం అప్పటికే విద్యవైపు మళ్లింది. విజయవాడలో 1937లో వెలిసిన ఎస్.ఆర్.ఆర్. కళాశాల నూజివీడు రాజా రంగయ్య అప్పారావు పేరు మోస్తున్నదే, ఎం.ఆర్. అప్పారావుగా ప్రసిద్ధుడైన మేకా రంగయ్య అప్పారావు శాసనసభ్యుడిగా, మంత్రిగా, 1970ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశాడు, నూజివీడులో ధర్మ అప్పారావు కళాశాల 1966లో ఏర్పడింది. జమీందారీ ధనం కళాశాల భవనమైంది. ఆ భవనంలో గ్రంథాలయానికి, ప్రయోగశాలకు దొరికిన చోటు తాలింఖానాకు దొరకలేదు.

ఈ సంధికాలంలోనే నూజివీడు జమీ నుంచి విడివడిన ఉయ్యూరు పక్కనున్న గండిగుంట గ్రామం నుంచి, కోడి రామ్మూర్తి పేరు వింటూ పెరిగిన ఒక బలశాలి వచ్చాడు. దండమూడి రాజగోపాలరావు (1916–1981) బరువులెత్తే పోటీని ఎంచుకొని, 1948 లండన్ ఒలింపిక్స్‌లో పాల్గొని, 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో భారీ బరువు విభాగంలో కాంస్యం గెలిచాడు. విజయవాడలో అతడు ఇతరులకు శిక్షణ ఇచ్చాడు, ఆ నగరపు ఇండోర్ స్టేడియం నేటికీ అతడి పేరుతోనే ఉంది. తెలుగు ప్రజల మనసులో అతడు నిలిచింది మాత్రం 1963 నాటి నర్తనశాలలో భీముడిగా. జీమూతమల్లుడిగా నెల్లూరు కాంతారావు నటించిన ఆ చిత్రంలోని మల్లయుద్ధం, తిక్కన విరాటపర్వం నుంచి ఊరి వీధినాటకం దాకా తెలుగువారు ఊహించుకొన్న కుస్తీకి తెరమీది రూపం. రామ్మూర్తికి సర్కస్ డేరా ఏమి చేసిందో తరువాతి తరానికి సినిమా అదే చేసింది, బలశాలికి అన్నం పెట్టి, బలవిద్యను దృశ్యంగా మార్చింది.

రాజగోపాలరావు కుస్తీని కాక బరువులను ఎంచుకోవడం కాకతాళీయం కాకపోవచ్చు. బార్‌బెల్ ముందు మనిషి ఒంటరి. ఒక ఇనుప కడ్డీ, కొన్ని పళ్లేలు, లెక్క తెలిసిన ఒక గురువు ఉంటే చిన్న ఊళ్లో కూడా సాధన సాగుతుంది, ఎంత ఎత్తాడన్నది కిలోల్లో తేలుతుంది. కుస్తీలో ఎదుగుదలకు తనతో సమానుడో, తనకంటే కొంచెం గట్టివాడో రోజూ ఎదురు కావాలి, ఆ ఎదురు పదిమందిని ఒకచోట చేర్చి ఉంచేది పోషణ గల గోదా మాత్రమే. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న అనే శిక్షకుడి దగ్గర ఓనమాలు దిద్దిన కరణం మల్లీశ్వరి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ కావడం, ఊరి శిక్షకుడి నిలకడ ఏం చేయగలదో చూపింది. రామ్మూర్తి పుట్టిన ప్రాంతం నుంచే ఆ పతకం రావడం ముచ్చటైన విషయం. అది కుస్తీలో కాక బరువుల్లో రావడం చరిత్ర చేసిన ఎంపిక.

ఇదే కాలంలో కొల్హాపూరులో జరిగింది చూస్తే తేడా తెలుస్తుంది. ఛత్రపతి శాహూ మహారాజు 1912లో అక్కడ ఖాస్‌బాగ్ కుస్తీ మైదానం కట్టించి, తాలీములను, అంటే మన తాలింఖానాలను, పోషించాడు. ఆ వాతావరణంలో కరాడ్ దగ్గరి గోలేశ్వర్‌లో పుట్టిన ఖాశాబా జాధవ్ బడిలోనూ, తరువాత రాజారాం కళాశాలలోనూ కుస్తీ నేర్చి, 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఆరో స్థానం పొందాడు. మట్టి మీద పెరిగిన అతడికి చాప మీది కుస్తీ కొత్త. లండన్‌లో రీస్ గార్డ్‌నర్ అనే అమెరికన్ శిక్షకుడు ఆ తేడాను నేర్పాడు. నాలుగేళ్ల తరువాత హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళ్లడానికి డబ్బు చాలకపోతే రాజారాం కళాశాల ప్రిన్సిపాల్ ఖర్డేకర్ తన ఇల్లు తాకట్టు పెట్టి ఏడు వేల రూపాయలు ఇచ్చాడు. 1952లో జాధవ్ తెచ్చిన కాంస్యం స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం. రాజు గోదా కట్టాడు, కళాశాల చదువూ కుస్తీ కలిపింది, విదేశీ శిక్షకుడు కొత్త నియమాలు నేర్పాడు, ఒక ప్రిన్సిపాల్ ప్రయాణపు ఖర్చు మోశాడు; ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పతకం లేదు. సంస్థానం విలీనమయ్యాక ఊరి జాతరల బహుమతి కుస్తీలూ, తరువాత సహకార చక్కెర కర్మాగారాల భృతులూ మల్లులను ఆదుకొన్నాయి. చక్కెర ఉయ్యూరులోనూ ఉంది, 1941 నుంచి అక్కడ పెద్ద కర్మాగారం నడిచింది. చెరకుబండ్ల వెంట వచ్చిన సొమ్ము అక్కడ గోదా వైపు ప్రవహించలేదు.

మట్టి నుంచి చాపకు మారడం పైకి కనిపించినంత చిన్న మార్పు కాదు. చాప మీది ఫ్రీస్టైల్ కుస్తీ, అంటే కాళ్లను కూడా పట్టుకొనే వీలున్న అంతర్జాతీయ పద్ధతి, తొమ్మిది మీటర్ల వ్యాసం గల వృత్తంలో, గడియారం లెక్కన, విరామంతో రెండు భాగాలుగా సాగుతుంది; ఎదిరిని పడగొట్టి అదుపులోకి తెస్తే రెండు పాయింట్లు, పది పాయింట్ల ఆధిక్యం వస్తే అక్కడితో పోటీ ముగింపు, ఇంకా చిత్తు చేస్తే అప్పుడే గెలుపు. పాత గోదాలో అరగంటసేపు ఎదిరిని అలసింపజేసి గెలిచే ఓపిక ఇక్కడ పనికిరాదు. 1961లో పటియాలాలో నెలకొన్న జాతీయ క్రీడా సంస్థ ఈ కొత్త పద్ధతిలో శిక్షకులను తయారుచేసింది, అంతకు ముందే 1953లో మొదలైన రాజకుమారి శిక్షణ పథకం ఆ దారి చూపింది. పాఠశాల క్రీడా సమాఖ్య 1954 నుంచి బడిపిల్లల జాతీయ పోటీలు నడుపుతోంది. అంటే పోటీ మెట్లు కట్టి ఉన్నాయి, మొదటి మెట్టు దగ్గర చేయి పట్టి ఎక్కించే మనిషి కొరవడ్డాడు.

హైస్కూలు ఈడు మల్లుడికి ఆ మనిషి చేయవలసిన పనిలో బరువు సంగతి అన్నిటికంటే సున్నితమైనది. తక్కువ బరువు తరగతిలో దింపితే పతకం సులభమని ఎదిగే పిల్లవాణ్ని ఎండబెట్టి, నీళ్లు మాన్పించి, బరువు దించే దురలవాటు ప్రపంచమంతటా ఉంది. పాఠశాల కుస్తీకి పుట్టిల్లు వంటి అమెరికాలోనే 1997లో కొద్ది వారాల వ్యవధిలో ముగ్గురు కళాశాల మల్లులు ఇలా బరువు దించుకొంటూ మరణించగా, ఆ తరువాతే అక్కడ కఠిన నియమాలు వచ్చాయి. మానసోల్లాసంలోని తరగతులు మల్లుడి దేహాన్ని చూసి ఏర్పరచినవి, మల్లుణ్ని తరగతికి కుదించడానికి కావు; ఈ ఒక్క విషయంలో పాత గురువు దృష్టి కొత్త శిక్షకుడికి పనికివస్తుంది. తిండి లెక్క, నిద్ర, గాయం తరువాతి విశ్రాంతి, చర్మవ్యాధులు అంటకుండా చాప శుభ్రత, మెడ కండరాలను ముందుగా బలపరచడం వంటివన్నీ రోజువారీ పనులు. వేసవిలో పదిహేను రోజుల శిబిరం పెడితే ఇవి అలవడవు. నూజివీడు ప్రాంతంలో అయితే వేసవి శిబిరాల నెలలే మామిడి కోతల నెలలు, చిక్కం పట్టి కాయ దించేది, గంపలు మోసి బండి నింపేది ఇంట్లోని ఎదిగిన పిల్లలే. భుజబలం ఉన్న కుర్రవాడు శిబిరానికి రాకపోతే తప్పు శిబిరపు తేదీలదే.

జీతం ఒకచోట, గోదా మరోచోట ఉండిపోయిన ఈ ముడి ఢిల్లీలో ఎలా విడిందో చూడవచ్చు. గురు హనుమాన్ అఖాడా శిష్యుడు, 1982 ఆసియా క్రీడల స్వర్ణ విజేత సత్పాల్ ఢిల్లీ ప్రభుత్వ విద్యాశాఖలోనే అధికారిగా ఉంటూ, ఆ శాఖ ఆధీనంలోని ఛత్రసాల్ స్టేడియంలో పిల్లలకు వసతి, తిండి, బడి, చాప ఒకేచోట కల్పించి శిక్షణ నడిపాడు. పద్నాలుగేళ్ల వయసులో అక్కడ చేరిన సుశీల్ కుమార్ 2008 ఒలింపిక్స్‌లో కాంస్యం, 2012లో రజతం తెచ్చాడు. జీతమూ గోదా ఒకే మనిషి చేతికి వచ్చిన సందర్భం అది; 1900ల తొలి దశకంలో విజయనగరం ఉన్నత పాఠశాలలో కొద్దికాలం కనిపించి చెదిరిపోయిన కలయిక, వందేళ్ల తరువాత మరోచోట ప్రభుత్వ ఖర్చుతో నిలిచింది. 2004 నుంచి స్త్రీల కుస్తీ ఒలింపిక్స్‌లో చేరడంతో, 2016లో సాక్షి మలిక్ కాంస్యం గెలవడంతో, ఆడపిల్లలకూ ఆ తలుపు తెరుచుకొంది.

ఆంధ్ర ప్రాంతానికి హకీంపేట క్రీడా పాఠశాల ఉమ్మడి రాష్ట్రంలో ఆ పాత్ర కొంత పోషించినా, 2014 విభజనతో అది తెలంగాణకు వెళ్లింది. కడప క్రీడా పాఠశాల నూజివీడుకు చాలా దూరం. 2022లో కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి మారిన నూజివీడులో 2008 నుంచి నడుస్తున్న రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, పదో తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను ఆరేళ్ల చదువుకు తీసుకొంటుంది. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య, మల్లుడి శరీరం గట్టిపడి పట్లు స్థిరపడే కాలంలో, పిల్లలు వసతిగృహంలో ఒకేచోట ఉండే సంస్థ అది. మిగిలిన పిల్లలు అదే వయసులో విజయవాడ కార్పొరేట్ కళాశాలల వసతిగృహాలకు వెళతారు, అక్కడ తెల్లవారుజామున నాలుగింటికి లేపేది చదువుకే. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఊరి వ్యాయామోపాధ్యాయుడు కట్టుకొచ్చిన దేహసాధన ఆ రెండేళ్లలో ఆగిపోతుంది, రాష్ట్ర పాఠశాల పోటీల్లో పెద్ద వయసు విభాగపు జట్టు కూర్చే నాటికి అతడి దగ్గర శిష్యులెవరూ మిగలరు.